డూపు పెళ్ళాం సాక్ష్యం

తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ కుర్చీ కనిపిస్తోంది. ఎవరో ఒక లాయరు భుజంతో తోసుకుని బయటికి వచ్చేంతసేపే తెరుచుకుంటుంది, ఆ కాస్తలోనే జడ్జిగారి బల్లకు ఎడమపక్క, గోడవారగా, చేతులున్న కుర్చీ, అందులో మోకాళ్ళు రెండూ బుద్ధిగా దగ్గరపెట్టుకుని కూర్చున్న హీరో, అతని కాళ్ళ దగ్గర నీళ్ళసీసా. మళ్ళీ తలుపు మూసుకుంటుంది. నడుంనొప్పట. నిలబడలేడట. డాక్టరు రాసిచ్చాడట. ఇంతకుముందు కేసులో కాలికి కట్టున్న ఒక నడివయసు మనిషి గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, వాయిదా చెప్పించుకుని, కుంటుకుంటూ ఆమె ముందునుంచే వెళ్ళిపోయాడు. అతనికి రాసిచ్చే డాక్టరు ఎక్కడా దొరకలేదు కాబోలు. నడుంనొప్పి! ఆ నడుం ఎప్పుడు వంగిందని, ఎక్కడ పడిందని నొప్పి? మేడ మీదనుంచి అట్టపెట్టెల మీదికి దూకిన నడుం ఎవరిది, మండుతున్న కారులోంచి దొర్లిన నడుం ఎవరిది, ఇంటికొచ్చి వేడినీళ్ళ సంచి కింద బోర్లా పడి దిండు కొరికిన నడుం ఎవరిది? నడుం దిండు కొరకదు, ఆమెకు తెలుసు, కోపంలో మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఆ నడుం ఇప్పుడు ఆమె పక్కనే, వరండా బల్ల మీద, ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని ఉంది. పెళ్ళికొడుకులా ఉంది. చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఆమె మొగుడు హీరోకి డూపు. హీరో దూకాల్సినచోట ఇతను దూకుతాడు, పడాల్సినచోట ఇతను పడతాడు, కెమెరాకి వీపు చూపిస్తాడు. ముఖం తిప్పితే ఆ షాటు పనికిరాదు. ఒడ్డూ పొడుగూ, నడక, మెడ వంచే తీరు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ముందుకొచ్చి చూస్తే తప్ప. ఆమెది జుట్టు కత్తిరించే పని. ఇప్పుడు ఆడవాళ్ళ సెలూన్‌లో. ఒకప్పుడు స్టూడియోలో, అక్కడే ఇతను పరిచయం, అప్పుడు అలవాటైన ‘నువ్వు’ పెళ్ళయ్యాక కూడా పోలేదు. ఇక కేసంటారా, అది ఇంతే. పోయిన వానాకాలంలో ఒక పెద్ద హోటలు వాకిట్లో హీరో కారు అడ్డంగా ఆగింది. దాని వెనక ఎవరో రోగిని ఆస్పత్రికి తీసుకెళ్ళే బండి ఇరుక్కుపోయింది. కార్లు సర్దే పనివాడు వచ్చి కాస్త తీయండి సార్ అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వచ్చి అద్దం మీద కొట్టాడు. పార్కింగ్ నిండింది అని రాసిన ఇనుప బోర్డు ఉంటుంది కదా, కారులోంచి దిగినవాడు దాన్ని ఎత్తి అతని నెత్తిన వేశాడు. వేసినవాడి వీపు హోటలు కెమెరాలో పడింది, ముఖం పడలేదు. హోటలువాళ్ళేమో, అంతమంది ఉన్నారు, అందరూ సరిగ్గా అప్పుడే వేరేవైపు చూస్తున్నారట. కాబట్టి ఆ వీపు ఎవరిదన్నదే ఈ కేసంతా. హీరోది అంటారు పోలీసులు. కాదు, ఆరోజు కారు తీసుకెళ్ళింది డూపు, చొక్కా ఒకటే, జుట్టు ఒకటే అంటాడు హీరో లాయరు. ఇవాళ డూపు బోనెక్కి “అవును, నేనే” అంటాడు. ఆ తర్వాత డూపు పెళ్ళాం ఎక్కి, “ఆ సాయంత్రం మా ఆయన కంగారుగా ఇంటికొచ్చాడు, చొక్కా మీద రక్తం ఉంది” అంటుంది. రెండు ముక్కలమ్మా, అంతే, అన్నాడు మేనేజరు, ఏదో ఉప్పు అప్పడిగినట్టు.

మేనేజరు మంచివాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. గొంతు పెంచడు, బెదిరించడు, ఇంట్లోకి చెప్పులు విప్పి వస్తాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆమె గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడు ఆగేదాకా ఓపిగ్గా ఆగి చెప్పాడు: “అమ్మా, మామూలు మనిషి ఒకణ్ణి కొడితే అది పేపర్లో ఓ మూలన కూడా రాదు. పోలీసులు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసి పంపేస్తారు. సార్ అనేసరికి ఊరంతా లేచింది. పేరున్న పాపానికి ఆయనకో చట్టం, మనకో చట్టమా? ఇది న్యాయమా చెప్పు.” అదే మాట సెలూన్‌కి వచ్చే ఆడవాళ్ళూ అంటారు, పేరున్నవాడికో న్యాయం, లేనివాడికో న్యాయం అని, కాకపోతే వాళ్ళు దాన్ని ఇటునుంచి అంటారు, మేనేజరు అటునుంచి. ఆమె గిన్నె బోర్లించి, “మరి మా ఆయన లోపలికెళ్తే?” అంది. కొత్తవాడు కదమ్మా, ఇదివరకు ఏ కేసూ లేదు, కోపంలో చేశానంటాడు, నాలుగు నెలలో ఎంతో, వచ్చాక సార్ కొత్త సినిమాకి ఫైట్‌మాస్టర్ ఆయనే, సార్ నోటితో అన్నారు, ‘నా తమ్ముడు’ అన్నారు. తమ్ముడు! ఆ మాట వినగానే కూరగాయలు తరుగుతున్న మొగుడి చేతిలో కత్తి ఆగడం ఆమె చూసింది. అతని చెవులు ఎర్రబడటం చూసింది. బలవంతపెట్టి ఉంటే, బెదిరించి ఉంటే ఆమె మొగుడి వైపు నిలబడి మేనేజరుని కత్తెరతో పొడిచైనా ఉండేది. కానీ ఇతను సంతోషపడ్డాడు. నిజంగా సంతోషపడ్డాడు. అక్కడే ఆమెకు లోపల ఏదో మాడింది, ఇప్పటికీ ఆ వాసన పోలేదు.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి బంట్రోతు వచ్చి మొగుడి పేరు చదివాడు, ఆ పేరు విని లోపల ఎవరూ తల తిప్పలేదు, ఎవరికి తెలుసని. మొగుడు లేచి చొక్కా కిందికి లాక్కున్నాడు.

“వెళ్ళొస్తా,” అన్నాడు. “భయపడకు. నువ్వేం ఎక్కువ చెప్పక్కర్లేదు.”

“పొద్దున్న పిల్లతో ఏమని చెప్పావు?”

“షూటింగ్ అని.”

“ఏం వేషం అని అడిగితే?”

అతను నవ్వబోయి మానేశాడు. “ఇప్పుడా ఇదంతా,” అని లోపలికి వెళ్ళాడు. మెడ కొద్దిగా ఎడమకు వంచి, భుజాలు వెనక్కి తీసి, హీరో నడకే. ఆ నడక అతనిదో అరువుదో కాపురం చేస్తున్న ఆమెకే తెలియదు. తలుపు మూసుకుంది.

ఖాళీ అయిన చోట ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, ఉఫ్ అని గాలి వదిలింది. లోపల చోటు లేదట. అభిమాన సంఘం వాళ్ళు పొద్దున్నే వచ్చి బెంచీలన్నీ ఆక్రమించారట, ఒకడు పక్కవాడికోసం రుమాలు కూడా వేసి ఉంచాడట. రుమాలుకి ఉన్న చోటు మనిషికి లేదమ్మా, అంది. ఆమె ఊ కొట్టి గోడవైపు చూసింది. మాట్లాడాలని లేదు. లోపల ఏం జరుగుతోంది? ఇప్పుడు ప్రమాణం చేస్తుంటాడు. ఇప్పుడు లాయరు తేనె పూసిన గొంతుతో మీరు ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారు అంటుంటాడు. ఎన్నేళ్ళుగానో. పిల్ల పుట్టిన ఏడాది పక్కటెముకలు విరిగాయి, ఆ ఏడే హీరోకి సాహసానికి బహుమతి వచ్చింది, ‘నా ఫైట్లు నేనే చేస్తాను’ అని వేదిక మీద చెప్తుంటే ఇతను మంచంలో పడుకుని, ఛాతీ పట్టుకుని, చప్పట్లు కొట్టాడు. కొట్టినప్పుడల్లా నొప్పితో మూలిగాడు, మూలుగుతూ కొట్టాడు. జుట్టు సంగతి అంతకన్నా ఘోరం. హీరోకి నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే, పైనుంచి తీసే షాట్లలో కలవడం లేదని, నిండుగా ఉన్న మొగుడి జుట్టుని తన చేతులతో తనే పలచన చేసింది. మంచి తలని బట్టతల చేసే పని ప్రపంచంలో ఇంకెవరికీ పడి ఉండదు. ఆ తర్వాత హీరో విగ్గు పెట్టుకున్నాడు. మొగుడికీ ఒకటి ఇచ్చారు, దాని కింద దురద.

ఒకసారి మాత్రం నవ్వొచ్చే పని జరిగింది. నవ్వొచ్చేదే. షూటింగ్ ఆలస్యమైందని అదే కోటుతో, అదే నల్లకళ్ళద్దాలతో, ముఖానికి రుమాలు కట్టుకుని మోటారుసైకిలు మీద ఇంటికి వస్తూ ఎర్రలైటు చూడకుండా దాటేశాడు. ట్రాఫిక్ పోలీసు ఈల వేసి ఆపాడు. దగ్గరికొచ్చి, కోటు చూసి, మెడ చూసి, ఒక్కసారి బిగుసుకుపోయి సెల్యూట్ కొట్టాడు. “సార్ మీరా సార్, పోనివ్వండి సార్, ఎండలో మీరెందుకు సార్ ఇలా.” ఇతను ఊరుకుని వెళ్ళిపోవచ్చు కదా. ఈ మహానుభావుడు మర్యాదకి కళ్ళద్దాలు తీసి, రుమాలు దించి, “నేను సార్ కాదండి, ఆయన డూపుని” అన్నాడు. చెంప ఛెళ్ళుమంది. అదే పోలీసు, అదే ఎర్రలైటు, అదే తప్పు. జరిమానా రాసి, బండి తాళం తీసుకుని, నడిరోడ్డు మీద నిలబెట్టి, హీరో వేషాలు వేస్తావురా అని అందరూ చూస్తుండగా తిట్టాడు. ఇంటికొచ్చి ఈ కథ తనే నవ్వుతూ చెప్పాడు, పిల్ల కూడా నవ్వింది, వీపుకి సెల్యూట్, ముఖానికి చెంపదెబ్బ అని పాటలా పాడింది. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు వరండాలో కూర్చుని ఆ నవ్వు గుర్తుకొస్తే నోరు చేదుగా ఉంది. దెబ్బ తిన్నవాడికి కోపం రాకపోవడం ఏమిటి, దాన్ని కథలా చెప్పుకోవడం ఏమిటి, ఆ పోలీసుని కాకపోతే ఆ కోటునైనా తిట్టొచ్చు కదా. కోటుని మళ్ళీ బ్రష్ పెట్టి శుభ్రంగా దులిపి తగిలించాడు.

పెద్దావిడ సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగి, ఆమెకూ చూపించింది. వద్దంది. “నీదే కేసమ్మా?” అని అడిగింది పెద్దావిడ. “మా ఆయన సాక్షి,” అంది ఆమె, ఏ కేసులోనో చెప్పలేదు. “నాది హోటలు కేసు,” అంది పెద్దావిడ, “దెబ్బ తిన్నవాడు మా అబ్బాయే.” వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, మెట్ల దగ్గర ఎవరో తేదీ గురించి గొడవపడుతూనే ఉన్నారు, ఆమె మాత్రం బల్ల చివరికి జరిగింది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. ఇంకో బల్ల ఉందా? లేదు. పెద్దావిడ చేతుల మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలు, లాండ్రీలో పని అని తనే చెప్పింది, ఆస్పత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు, ఎవరెవరి దుప్పట్లో. చెప్తూ పోయింది. అడగకపోయినా చెప్పేవాళ్ళు ఉంటారు, ఎంత చెప్పుకున్నా బరువు దిగనివాళ్ళు.

“ఎడం చెవి పోయింది. మాటలు ఒకదానికొకటి అనేస్తాడు, గ్లాసు తెమ్మనబోయి గొడుగు తెమ్మంటాడు. అది బాధ కాదమ్మా. రోజూ ఒకటే పాట, కొట్టింది హీరోయే, నేను చూశాను, ముఖంలో ముఖం పెట్టి చూశాను అంటాడు. మేనేజరుబాబు వచ్చి చెప్పాడు, అది హీరో కాదమ్మా, ఆయనలాగే ఉండే పనివాడు, మీవాడికి బుర్రకి దెబ్బ తగిలింది కదా, అలా అనిపిస్తుంది, డాక్టర్లు కూడా అదే అంటున్నారు అని. వీడు ఒప్పుకోడు. గోడకి తల కొట్టుకుంటాడు. ఒకరోజు నేనే చెయ్యి చేసుకున్నాను. దెబ్బ తిన్న తలమీద కాదులే, వీపు మీద.”

“మరి కోర్టులో?”

“ఎవరు కొట్టారో చూడలేదని చెప్పమన్నారు, వచ్చే వాయిదాకి. చెప్తే గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం ఇప్పిస్తారట, మంచి వైద్యం కూడా. నేను సరేనన్నాను. నేను పోయాక వాణ్ణెవరు చూస్తారు? ఆ పనివాడెవడో వచ్చి ఇవాళ ఒప్పేసుకుంటాడట. వాడి చేతులు పడిపోను.”

వాడి చేతులు. ఆమె తన చేతులవైపు చూసుకుంది, కత్తెర వేళ్ళు పెట్టేచోట గట్టిపడిన చర్మం. ఆ సాయంత్రం ఈ చేతులు ఎక్కడున్నాయి? వాన పడుతోంది, సెలూన్‌కి సెలవు. వంటింట్లో స్టూలు మీద మొగుణ్ణి కూర్చోబెట్టి, మెడచుట్టూ పాత దుప్పటి కట్టి, తడి జుట్టు దువ్వి కత్తిరిస్తోంది. పిల్ల బల్ల మీద బొమ్మ గీస్తూ, నాన్న నెత్తి పుచ్చకాయలా ఉంది అంటోంది. కింద పడిన వెంట్రుకలు తడికి నేలకి అంటుకుపోయి ఊడ్చినా రాలేదు, అతనే వంగి వేళ్ళతో ఏరాడు. మర్నాడు పొద్దున్న టీవీలో హోటలు వాకిలి, ఇనుప బోర్డు, వీపు. మొగుడు టీ గ్లాసు పట్టుకుని చూసి, “అయ్యో, సారే,” అన్నాడు. ఒక్క చూపులో గుర్తుపట్టాడు. ఆ వీపుని తనంతగా చూసినవాడు లోకంలో లేడు, ఒక జీవితమంతా దాన్నే నకలు తీశాడు. సారే, అన్న నోరే ఇప్పుడు తలుపవతల నేనే అంటోంది.

అలాగని హీరోని చూసి ఒక్కసారైనా జాలి పడలేదా అంటే, పడింది, అదే ఇంకా మంట. కేసు మొదలవకముందే టీవీవాళ్ళు అతని బొమ్మకి ఊచలు గీసి చూపించారు. సెలూన్‌లో తలకి రంగు వేయించుకుంటూ ఒకావిడ అతనికి ఉరి వేసింది, ఇంకొకావిడ యావజ్జీవం చాలంది, ఇద్దరూ కాసేపు బేరమాడుకున్నారు. హీరో తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే చక్రాలకుర్చీకి అడ్డంపడి, మీ కొడుకు తాగి ఉన్నాడా అని మైకు నోట్లో పెట్టారు. ఆ ముసలావిడ చేత్తో ముఖం కప్పుకుంది. అప్పుడు ఆమెకు అయ్యో అనిపించింది. నిజమే, మామూలువాడి తల్లి ముందు ఎవరూ మైకు పెట్టరు. నిజమే, పేరులేనివాడిని ఇంతమంది కలిసి నమలరు. కానీ ఆ నమిలేవాళ్ళూ, లోపల రుమాళ్ళు పరిచి కూర్చున్నవాళ్ళూ అందరూ హీరోనే చూస్తున్నారు. కొందరు మొక్కడానికి, కొందరు ఉమ్మడానికి. ఈ పక్కన కూర్చున్నావిడ కొడుకు గ్లాసుకి గొడుగు అంటున్నాడని ఏ టీవీలోనూ రాలేదు. మేనేజరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి, ఇది న్యాయమా అన్నదానికి, ఆరోజు జవాబు దొరకలేదు. మైకులు తీయించండి, ఊచలు చెరిపించండి, ఉమ్మేవాళ్ళ నోళ్ళు మూయించండి, అన్నీ చేయండి. దానికి బదులు నా మొగుణ్ణి ఇవ్వమంటే ఎలా? అతనికి జరిగిన అన్యాయాన్ని సరిచేయడానికి మా ఇంట్లో మనిషే దొరికాడా? ఇది అప్పుడే అనాల్సింది. మంచి మాటలు ఎప్పుడూ గిన్నెలు తోమేశాకే వస్తాయి.

లోపల నుంచి ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు చప్పుడు వచ్చింది, ఎవరో చప్పట్లు కొట్టబోతే బంట్రోతు కసిరాడు. చెప్పేశాడన్నమాట. నేనే అనేశాడు. పెద్దావిడ సంచి గుండెకి హత్తుకుని, “ఒప్పుకున్నాడు కాబోలు చచ్చినోడు,” అంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఇప్పుడు తనని పిలుస్తారు. రెండు ముక్కలు. కంగారుగా వచ్చాడు, చొక్కా మీద రక్తం. అంటే మొగుడు జైలుకి వెళ్తాడు, నాలుగు నెలలో ఎంతో, పిల్లకి దూరంగా షూటింగ్ అని చెప్పాలి. అనకపోతే? అబద్ధపు సాక్ష్యం చెప్పాడని మొగుణ్ణే పట్టుకుంటారు, హీరోకి పని పోతుంది, ఇతనికి ఎప్పటికీ పని పోతుంది, ఇండస్ట్రీలో నీడ కూడా పడనివ్వరు. ఎటునుంచి చూసినా లోపలికి వెళ్ళేది ఇతనే. ఆ తెలివి తలకెక్కేసరికి ఆమెకు భయం పోయింది. భయం పోయినచోట కోపం ఒక్కటే మిగిలింది, చల్లగా, పదునుగా, పనిచేయడానికి వీలుగా.

బంట్రోతు ఆమె పేరు చదివాడు.

పెద్దావిడ తలెత్తి చూసింది, కానీ ఆ పేరుని బట్టి తనకేం తెలియలేదు. ఆమె లోపలికి నడిచింది, వెనకే పెద్దావిడ కూడా తలుపు సందులోకి వచ్చి నిలబడింది. గది వేడిగా, సెంటు వాసనగా ఉంది. మొగుడు ఒక పక్కన గోడకి ఆనుకుని నిలబడి, ఆమెవైపు చూసి ధైర్యం చెప్పినట్టు తలాడించాడు. కుర్చీలో హీరో దగ్గరనుంచి చూస్తే అలసిపోయి ఉన్నాడు, కళ్ళకింద సంచులు, ఆ ముఖంలో మొగుడి పోలిక ఒక్కటి కూడా లేదు. ప్రమాణం చేయించారు. హీరో లాయరు దగ్గరికొచ్చి, “భయపడకండమ్మా. ఆ సాయంత్రం మీ భర్త ఇంటికి ఎలా వచ్చాడో జడ్జిగారికి చెప్పండి,” అన్నాడు.

“రాలేదండి,” అంది ఆమె.

“అంటే?”

“బయటికి వెళ్తే కదండీ రావడానికి. ఇంట్లోనే ఉన్నాడు. నేను జుట్టు కత్తిరిస్తున్నాను.”

గదిలో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. లాయరు నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తీయడం మర్చిపోయినట్టు. మొగుడు ఆమె పేరు పిలిచాడు, జడ్జిగారు, నెరిసిన జుట్టావిడ, పెన్ను ఎత్తి అతన్ని మాట్లాడొద్దంది. జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని మొదటిసారి ఆమెవైపు పూర్తిగా చూసింది. లాయరు, సాక్షి ఎదురు తిరిగింది కాబట్టి గట్టిగా ప్రశ్నించడానికి అనుమతి కావాలన్నాడు, తీసుకున్నాడు, గొంతులో తేనె తీసేశాడు.

“మీకు మీ భర్త మీద కోపం ఉంది కదూ?”

“చాలా ఉందండి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “అందుకే ఇలా చెప్తున్నారు. మీ మాట నిజమని రుజువైతే అబద్ధం చెప్పినందుకు ఆయన జైలుకి వెళ్తాడు. తెలుసా మీకు?”

“తెలుసండి.”

“కట్టుకున్నవాణ్ణి జైలుకి పంపాలని ఉందా?”

ఆమె మొగుడివైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జాలేసింది, అయినా లాయరువైపు తిరిగింది. “ఆయన అబద్ధం చెప్పాడండి. దానికి వేస్తే వెళ్తాడు, నేను క్యారేజీ కట్టుకుని వెళ్తాను. అది ఆయన చేసిన పని. ఆ అబ్బాయి తల పగలగొట్టింది ఆయన కాదు. ఎవరు చేసినదానికి వాళ్ళు వెళ్ళాలండి. ఈయన హీరోగారి బదులు దూకాడు, పడ్డాడు, నేను ఏమీ అనలేదు, అది కూలిపని. శిక్ష కూడా బదులు పడే పనైతే ఇక మీరెందుకండీ ఇక్కడ?” చివరి మాట జడ్జిగారిని చూసి అంది. జడ్జిగారు ఆమెని కసరలేదు. రాసుకుంది. హీరో తల వంచుకుని నీళ్ళసీసా మూత తిప్పుతున్నాడు, అటు తిప్పి, ఇటు తిప్పి.

తర్వాత అంతా గబగబా అయిపోయింది. డూపు సాక్ష్యం మీద విచారణ జరగాలంది జడ్జిగారు, దెబ్బ తిన్నవాణ్ణి వచ్చే వాయిదాకి తప్పకుండా తీసుకురమ్మంది. హీరో ఈ వరండాలోంచి రాలేదు, వెనక తలుపులోంచి, నడుంనొప్పి లేకుండా, గబగబా వెళ్ళిపోయాడు. మొగుడు “సార్, సార్” అంటూ ఆ తలుపు దాకా పరిగెత్తాడు, మేనేజరు హీరో వెనకే దాటి తలుపు వేసుకున్నాడు. ఆ మూసిన తలుపు ముందు అతను అలా నిలబడి ఉంటే పోలీసు వచ్చి, పదవయ్యా, రాయించుకోవాలి అని మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ముందునుంచి వెళ్తూ ఆగి, “ఆయన నన్ను తమ్ముడన్నాడే,” అన్నాడు, పిల్లవాడి గొంతుతో.

“తమ్ముణ్ణి ఎవరైనా జైలుకి పంపిస్తారా?” అంది ఆమె. అతను తల దించుకుని పోలీసు వెంట వెళ్ళాడు, మామూలు మనిషి నడిచినట్టు.

వరండాలో పెద్దావిడ కాచుకుని ఉంది. ముఖం ఎర్రగా కంది ఉంది. “నువ్వా! వాడి పెళ్ళానివా! నా పక్కన కూర్చుని, నా నోటితో అన్నీ చెప్పించుకుని... నీ నోరు పడిపోను. ఆ ఉద్యోగం ఇక ఇస్తారా? వైద్యం చేయిస్తారా? నీకేం, నువ్వు చక్కగా చెప్పేసి పోతావు, మావాణ్ణి నేను మోయాలి, నేను పోయాక ఎవరు మోస్తారు, నువ్వు మోస్తావా?” ఆమెకు తిట్టించుకోవడం హాయిగానే ఉంది, కనీసం ఇది తనకి రావాల్సిన తిట్టే. పెద్దావిడ నిలబడి తిట్టింది, అలిసి బల్ల మీద కూలబడి తిట్టింది, తిట్లు అయిపోయి దగ్గొచ్చింది. ఆమె పక్కన కూర్చుని పెద్దావిడ సంచిలోంచే సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. పెద్దావిడ తాగింది.

“నిజంగా ఇంట్లోనే ఉన్నాడా?” అంది చివరికి, వేరే గొంతుతో.

“ఇంట్లోనే, పెద్దమ్మా.”

“ఒట్టు?”

“మా పిల్ల మీద ఒట్టు.”

“అయితే మావాడు...” పెద్దావిడ ఆగిపోయింది. సీసా మూత కోసం వేళ్ళు తడుముతున్నాయి, మూత ఒళ్ళోనే ఉంది. “ముఖంలో ముఖం పెట్టి చూశానంటే, పిచ్చెక్కిందనుకున్నాను. వాడు నిజమే చెప్తున్నాడన్నమాట. రోజూ నిజమే చెప్తున్నాడు. నేను కొట్టానమ్మా వాణ్ణి.”

మెట్ల కింద వీధిలో అభిమానులు అరుస్తున్నారు, ఏమని అరుస్తున్నారో వాళ్ళకే తెలియదు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, సంచి భుజాన వేసుకుని లేచింది, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“రా,” అంది, కసురుతున్నట్టే. “కూర్చున్నావేంటి? నువ్వే వచ్చి చెప్పు వాడికి. కుడివైపు కూర్చుని చెప్పు, ఆ చెవి బాగానే వినిపిస్తుంది. నేను చెప్తే నమ్మడు.”